మన్యెమ్మ ఊపిరి

డాక్టర్ మృణాళిని మేడం నా భార్య ఊపిరిని ఊరూరా పంచింది. ఒరిస్సా వాళ్లకు, జార్ఖండ్ వాళ్లకు, తండాల వాళ్లకు, మరాఠీ వాళ్లకు, అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు కూడా. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. "మన్యెమ్మ గారు సంతకం చేశారు కదండీ" అంటుంది. చేసింది, నిజమే. ఆ సంతకం నేర్పింది కూడా మేడమే. ముందు పలక మీద దిద్దించింది, చెయ్యి తిరిగాక కాగితం మీద పెట్టించింది. అందులో తప్పుందని ఆమెకు ఈనాటికీ తోచలేదు.

ఆమె చెడ్డ మనిషని నలుగురూ అంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఎవరూ అనరు. మిల్లుల్లో మనుషులు బతికి బట్టకడుతున్నారంటే ఆమె పుణ్యమే అంటారు. పేపర్లో ఫోటో వేశారు. ఫోటోలో ఆమె చేతిలో ఊపిరి పట్టీ ఉంది. ఆ పట్టీ ఎవరి రొమ్ము మీద పుట్టిందో కింద రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

జడ్చర్ల రోడ్డు వదిలి లోపలికి వస్తే మా గుండ్లకుంట. ఊరి బయట వరుసగా తెల్లరాయి మిల్లులు. గుట్టల్లో తవ్విన రాయిని తెచ్చి, గోధుమపిండి కన్నా మెత్తగా ఆడించి, సంచులకెత్తి గాజు ఫ్యాక్టరీలకు పంపుతారు. మా వడ్డెరోళ్లు తాతల నాటి నుంచీ రాయి కొట్టి బతికినవాళ్లే. కానీ ఆరుబయట సుత్తితో కొట్టే రాయి వేరు, రేకుల షెడ్డులో మిషన్ ఆడించే రాయి వేరు. మొదటిది చేతుల్ని తింటుంది. రెండోది లోపలికి పోయి కూర్చుంటుంది. మన్యెమ్మ తొమ్మిదేళ్లు ఆ షెడ్డులో సంచులు నింపింది. నేను బయట ట్రాక్టర్ తోలుకుంటూ ఉన్నాను కాబట్టి మిగిలాను.

ముందు దగ్గు వచ్చింది. దవాఖానలో టీబీ అన్నారు. టీబీ గోళీలు మింగింది, తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి మింగింది. తర్వాత బిందె ఎత్తితే ఆయాసం. ఆ తర్వాత జడ వేసుకుంటే ఆయాసం. చివరికి జడ నేనే వేసేవాణ్ని, వంకరగా.

అప్పుడే మృణాళిని మేడం హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ నుంచి వచ్చి, మా ఊరి పాత ఎరువుల గోదాము అద్దెకు తీసుకుని క్లినిక్ తెరిచింది. మన్యెమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి వెంటనే చెప్పింది.

"ఇది టీబీ కాదు కుర్మయ్య గారూ. రాతి దుమ్ము. లోపల గట్టిపడిపోయింది. రాకుండా చూసుకోవడమే దీనికి మందు."

"వచ్చినోళ్లకు?"

ఆమె ఎక్స్‌రే మళ్లీ కవర్లో పెట్టేసింది. తర్వాత ఇంటికి ఆక్సిజన్ మిషన్ పంపించింది, ఉచితంగా. ఆ ఉచితమే మా మెడకు చుట్టుకుంది.

రాకుండా చూసుకోవడం నేర్పడానికి ఆమె పడ్డ పాట్లు నేను చూశాను. ఆమె సామానంతా నా ట్రాక్టర్ మీదే మిల్లులకు వెళ్లేది. అక్కడ మా ఊరివాళ్లు పిడికెడు మంది. మిగతా అంతా పైనుంచి వచ్చినవాళ్లు. ఒక్క షెడ్డులో ఆరు భాషల్లో తిట్టుకుంటారు. మేడం ఆరు భాషల్లోనూ పోస్టర్లు వేయించింది. చదవగలిగినవాళ్లు తక్కువని బొమ్మ పెద్దగా పెట్టించింది: ఎడమ పక్క గులాబీ రంగు ఊపిరితిత్తులు, కుడి పక్క నల్లవి.

జార్ఖండ్ నుంచి వచ్చిన సంతాలీ మనిషి సోమాయ్ ఆ పోస్టర్ ముందు చాలాసేపు నిలబడి తలాడించాడు. మేడం మొహం వెలిగింది. "ఏమంటున్నాడు?" అని పర్వతాలును అడిగింది. పర్వతాలు నా బామ్మర్ది, మన్యెమ్మకు ఒక్కడే తమ్ముడు. ఆ మిల్లుకు మేస్త్రీ. అందరి భాషా అరకొరగా మాట్లాడతాడు, అందరినీ నవ్విస్తాడు.

"మేక కార్జం అంటుండు మేడం. ఎడమ దిక్కుది పచ్చిది, కుడి దిక్కుది కాల్చింది. కిలో ఎంత అని అడుగుతుండు."

షెడ్డంతా నవ్వింది. మేడం కూడా నవ్వబోయి ఆగిపోయింది.

పోస్టర్ల పని అయిపోయాక, ఆమె మాటను వాళ్ల భాషలోకి మార్చి మాట్లాడే ఫోన్లు తెచ్చింది. అది సంతాలీ మాట్లాడితే సోమాయ్ చేతులు కట్టుకుని వినేవాడు, ఎవరో పెద్దాఫీసరు మాట్లాడుతున్నట్టు. విని, నమస్కారం పెట్టి, మాస్కును గడ్డం కిందికి లాక్కుని పనిలోకి వెళ్లేవాడు. అన్నిటికన్నా గట్టి అడ్డం బెల్లం. షిఫ్టు దిగగానే మిల్లు సేటు ఒక్కొక్కరికి ఒక్కో బెల్లం ముద్ద ఇప్పిస్తాడు. బెల్లం తింటే మింగిన దుమ్మంతా కడుపులోకి జారి పొద్దున బయటికి పోతుందని నమ్మకం. ఒరిస్సా వాడిదీ అదే నమ్మకం, తండా వాడిదీ అదే. ఆరు భాషల వాళ్లకు పొత్తు కుదిరింది ఆ ఒక్క మాట మీదే.

"బెల్లం పోయేది కడుపులోకి పర్వతాలూ. దుమ్ము ఉండేది ఛాతీలో. రెండూ వేరు వేరు దారులు" అని మేడం గొంతు మీద వేలితో గీసి చూపించేది.

"దారులు ఏరైనా ఇల్లు ఒక్కటే గద మేడం" అనేవాడు వాడు. ఆమె అటు తిరగ్గానే మిగతావాళ్లతో, "డాక్టరమ్మకు ఆరు బాసలొస్తయిరా, ఏ బాసల చెప్పినా మాస్కు ముచ్చటొక్కటే" అనేవాడు.

వానలు వెనకబడ్డ ఆ ఏడాది మేడం మా ఇంటికి ఒక పట్టీ పట్టుకొచ్చింది. నడుం నొప్పికి కట్టుకునే బెల్టులా ఉంది. లోపలి వైపు రాగి చుక్కలు. ఒక సన్నటి తీగ, దాని కొసకు చెవి వెనక అతికించే బిళ్ల.

"ఊపిరి అందనప్పుడు ఛాతీ నుంచి మెదడుకు ఒక కబురు వెళ్తుంది మన్యెమ్మ గారూ. ఆ కబురుకు భాష లేదు. అది ఒరియా కాదు, తెలుగు కాదు. మీ కబురును ఈ పట్టీ పట్టుకుంటుంది. ఇంకొకరు కట్టుకుంటే వాళ్ల ఛాతీలో రెండు నిమిషాలు మీ ఊపిరి తెలుస్తుంది. చెబితే ఎక్కనిది అలాగైనా ఎక్కుతుందేమో."

"నా రోగం వాళ్లకు అంటుతదా?"

"అంటదు. పట్టీ విప్పితే పోతుంది."

"నాకు గూడ గట్ల ఇప్పితే పోయేదుంటే ఎంత బాగుండు" అని మన్యెమ్మ నవ్వింది. ఆ నవ్వుకే దగ్గు తెర వచ్చింది.

పట్టీ ఆ కబురు పట్టుకోవాలంటే ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం తీసేయాలి. తీశారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అంతా అయ్యాక మేడం నా వైపు చూసింది. ముందు ఎవరి మీదైనా సరిచూడాలట. నేను కట్టుకున్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎవరో నా రొమ్ము మీద తడి ఇసుక మూట దించారు. గాలి పీలిస్తే లోపలికి వచ్చింది, కానీ వచ్చినట్టు ఒంటికి తెలియలేదు. దాహానికి ఖాళీ చెంబు ఎత్తుకున్నట్టు. ప్రతి ఊపిరి కొసనా ఒక ఆగుడు ఉంది. ఇంకొకటి వస్తుందా రాదా అని చూసుకునే ఆగుడు. రోగం మొదలైన ఈ ఐదేళ్లూ ఆమె పక్కనే పడుకున్నవాణ్ని. దగ్గు విన్నాను గానీ ఆ ఆగుడు నాకు తెలియదు. పట్టీ పీకి పారేసి గోడ పట్టుకున్నాను.

"గంతే, గట్లనే ఉంటది" అంది మన్యెమ్మ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

మరునాడు పట్టీని మిల్లుకు తీసుకెళ్లారు. ఒరిస్సా బిరంచి ముందు కట్టుకున్నాడు. ఎద్దులా ఉండే మనిషి, మోకాళ్ల మీద కూలబడి "మా" అన్నాడు. తండా నుంచి వచ్చే శక్రిబాయి "యాడీ" అని అరిచింది. సోమాయ్ "ఆయో" అన్నాడు. మూడు భాషల్లో మూడు మాటలు, మూడింటికీ అర్థం అమ్మ అనే. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. భాష అక్కర్లేదని ఆమెకు రుజువు దొరికింది. అందరూ అమ్మను పిలిచారని చూసింది గానీ, ఏ అమ్మను పిలుస్తున్నారో అడగలేదు.

కొన్నాళ్లు మాస్కులు ముఖాల మీదే ఉన్నాయి. పక్క మిల్లుల వాళ్లు వచ్చి పట్టీలు అడిగారు. మన్యెమ్మ ఊపిరికి నకళ్లు తీసి, పక్క జిల్లాకు, అక్కడి నుంచి కర్ణాటకకు పంపించారు. మేడం క్లినిక్ ముందు కార్లు ఆగడం మొదలైంది. మా ఇంట్లో మాత్రం అదే మంచం, అదే మిషన్ రొద. కరెంటు పోయినప్పుడల్లా సిలిండర్ కోసం నా పరుగు.

ఒక పొద్దున రాయి దింపడానికి వెళ్లి చూస్తే ఒక్క ముఖం మీదా మాస్కు లేదు. మిల్లు గేటు పక్కన నిలువుగా పాతిన తెల్లరాయి, దానికి పసుపు, కుంకుమ. రాయి వెనక ఇనుప తీగ కట్టి ఉంది. తీగ పొడుగునా మాస్కులు, ఆరేసిన చిన్నపిల్లల బట్టల్లా.

"ఇదేందిరా?" అన్నాను పర్వతాలుతో.

"ఊపిరమ్మ, బావా."

"మాస్కులెందుకు కట్టిండ్రు?"

"జెర ఆలోచన చెయ్యి. అమ్మ పోసినప్పుడు మనం గోళీలేస్తమా? చల్లవడు తల్లీ అని పెరుగన్నం పెడ్తం. ఈ అమ్మకు ఊపిరి ఆడుతలేదు, అందుకే మంది మీదికొస్తున్నది. డాక్టరమ్మ ఏం జెప్పింది? ఊపిరికి మాస్కు మంచిదన్నది. మరి ఎవలకు కావాలె మాస్కు? ఆమెకే గద!"

"నువ్వు గూడ కట్టినవా?"

"మేస్త్రీని. మొదటిది నాదే."

వాడి మాటలో లొసుగు నాకు దొరకలేదు. మేడం నోటితో చెప్పిందంతా వాళ్లు విన్నారు, నమ్మారు. పెట్టాల్సిన చోట తప్ప అన్ని చోట్లా పెట్టారు.

ఆ వారమే జనం మా వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. పట్టీలో ఉన్న అమ్మ ఫలానా ఇంట్లో మంచం మీద ఉందని పర్వతాలు చెప్పాడు మరి. శక్రిబాయి కుండలో పెరుగన్నం తెచ్చి మన్యెమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. బిరంచి బెల్లం దిమ్మ తెచ్చాడు. మన్యెమ్మకు నవ్వాగలేదు.

"నేను దేవతనైతే మీ మీదికెందుకొస్త? ముందుగాల మీ సేటు మీదికి పోతుంటి" అంది. ఊపిరి తీసుకుని మళ్లీ అంది, "ఇనుర్రి బిడ్డా. నాకు మాస్కులొద్దు. మీరు పెట్టుకోర్రి. మిషన్ దగ్గర నీళ్లు చల్లుర్రి. ఈ బెల్లం పిల్లలకియ్యుర్రి."

బిరంచి చేతులు జోడించాడు. వాడి వచ్చీరాని తెలుగులో అన్నాడు: "అమ్మ అట్లనే చెప్తది. నాకు వద్దు, నువ్వు తిను అంటది. చెప్పిందని అమ్మకు పెట్టకుండ తింటమా?"

వాళ్లు వెళ్లాక ఆమె చాలాసేపు దూలం వైపు చూస్తూ పడుకుంది. గుమ్మం బయట పర్వతాలు చెప్పులు తొడుక్కుంటూ దగ్గాడు. చిన్న దగ్గే. పొడిగా, రెండు తునకలుగా. మన్యెమ్మ మోచేతి మీద లేచింది.

"తమ్మీ, ఇటు రా. ఎన్నొద్దుల సంది ఆ దగ్గు?"

"దుమ్ము అక్కా. దగ్గితే పోతది."

"నువ్వు పట్టీ కట్టుకున్నవా లేదా?"

"అందరికన్న ఎక్కువసార్లు కట్టుకున్న. మస్తు ఏడ్చిన."

"మరి?"

"మరేంది? అండ్ల ఉన్నది నీ ఊపిరి. నిన్ను తలుసుకొని ఏడ్చిన. నాది మంచిగనే ఉన్నది, సూడు" అని రొమ్ము విరిచి గాలి పీల్చి చూపించాడు. సగంలో మళ్లీ దగ్గాడు. నవ్వుతూ వెళ్లిపోయాడు.

మేడం వచ్చి మా నులక మంచం మీద కూర్చుంది. మిల్లు గేటు దగ్గరి రాయిని చూసి వచ్చింది. మూఢనమ్మకాలు అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెప్పులు విప్పి, పాదాలు నేల మీద ఆనించి, తలవంచుకుంది.

"నేనే తప్పుగా అనుకున్నాను. ఇంకొకరి బాధ తెలిస్తే జాలి పుట్టింది, భక్తి పుట్టింది. రేపు ఇది నాకే అన్న మాట మాత్రం పుట్టలేదు" అంది. "ఇంకో దారి ఉంది. పట్టీ ముందు కట్టుకున్నవాళ్ల సొంత ఊపిరినే వింటుంది. వాళ్లదే వాళ్లకు వినిపిస్తుంది. తర్వాత కొంచెం కొంచెంగా వంచుకుంటూ తీసుకెళ్తుంది. ఎక్కడ తనది ఆగిందో, ఎక్కడ మీది మొదలైందో వాళ్లకు తెలియదు. తన ఊపిరే పోతోందనుకుంటారు."

"చెయ్యి మరి" అంది మన్యెమ్మ.

"దానికి రెండు నిమిషాల ముక్క చాలదు. ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పటి నుంచి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ, అసలు లేని దాకా మీ ఊపిరి మొత్తం పట్టాలి. గంట పైనే పడుతుంది. మీ ఒంటికి అది..." మేడం నా వైపు చూసింది. "ప్రమాదం. దాచను."

"లేవుర్రి" అన్నాను.

"కుర్మయ్య గారూ..."

"లేవుర్రి మేడం. మీ అమ్మకైతే చేస్తరా ఇది?"

"మా అమ్మ లేదు. ఉంటే అడిగేదాన్నో లేదో నాకు తెలియదు. మీరు వద్దంటే వద్దు. ఆక్సిజన్ మాత్రం ఆగదు. దానికీ దీనికీ సంబంధం లేదు."

సంబంధం లేదని ఆమె అంది. నేను నమ్మలేదు. ఉచితంగా ఇచ్చినవాళ్లు ఊరికే పోవడం నా బతుకులో నేను చూడలేదు. ఆమె మిషన్ మా ఇంట్లో ఉన్నంత కాలం నా భార్య ఆమె మనిషే అనిపించింది. అందుకే హైదరాబాద్ వెళ్లి ఒక పెద్ద ప్రైవేటు దవాఖానలో విచారించాను. కోటు వేసుకున్న ఒకాయన కాగితాలు చూసి, ఊపిరితిత్తులు లోపల కడిగే పద్ధతి ఉందని, కడిగితే చాలామందికి తేలికపడిందని చెప్పాడు. ఎంతవుతుందో కూడా చెప్పాడు. మాకు గుట్ట కింద మెట్ట చేను ఉంది. ఊరి పక్కన ప్లాట్లు వేస్తున్న ఆసామి దాని మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు. ఇంటికి రాకముందే వాడికి మాట ఇచ్చేశాను.

మన్యెమ్మకు చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

"కడుగుతరా?" అంది. "లోపల రాయయ్యిందని డాక్టరమ్మ చెప్పె గద. రాయిని కడిగితే కరుగుతదా? మిల్లోళ్లు తినే బెల్లం ముద్దనే ఇది. నీది జెర పెద్ద ముద్ద."

"అంటే సచ్చిపోతనంటవా?"

"నేను పోయేది ఖాయమే. నువ్వు గూడ పట్టీ కట్టుకున్నవ్, నీకెర్కలేదా? తమ్ముడు పోయేది ఇంక ఖాయం గాలేదు." తర్వాత నా చెయ్యి పట్టుకుని అంది, "చేను అమ్మకు. నాకు తెల్లవంకాయల కూర తినాలనుంది, తే పో."

వంకాయలు తెచ్చాను. చేను సంగతిలో మాత్రం ఆమె మాట నేను వినలేదు. మర్నాడు జడ్చర్లలో రిజిస్ట్రేషన్. ఆసామి, నేను, ఇద్దరు సాక్షులు. వేలు ముద్ర వేస్తానంటే గుమాస్తా నవ్వి, సంతకం రాదా అన్నాడు. వస్తుంది. ఆ రోజు పెట్టబుద్ధి కాలేదు, అంతే.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. మంచం ఖాళీ. మిషన్ ఆపి ఉంది. ఆ రొద లేకపోతే మా ఇల్లు ఎవరిదో ఇల్లులా ఉంది. పక్కింటామె గోడ మీదుగా చెప్పింది: "తమ్మున్ని పిలిపిచ్చుకొని ఆటోల పోయింది. నువ్వొస్తే లొల్లి చెయ్యొద్దని చెప్పమన్నది."

గోదాము మెట్ల మీద పర్వతాలు తల పట్టుకుని కూర్చున్నాడు. "నేనొద్దన్న బావా. తీసుకపోకుంటే నడుసుకుంట పోత అన్నది" అన్నాడు. వాణ్ని దాటుకుని లోపలికి వెళ్లాను. అంతా అయిపోయింది. గొట్టం మళ్లీ పెట్టారు. మన్యెమ్మ పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టు ఉన్నాయి. మేడం ఆమె తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉంది. మేడం చీరంతా చెమట. నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. గాజు బీరువా పగిలిందని తర్వాత చెప్పారు. మేడం లేచి అడ్డం రాలేదు, చెయ్యి వదల్లేదు.

"అయిపాయె గద. ఇంకెందుకు ఒర్రుతవు?" అంది మన్యెమ్మ. ఒక్కో మాటకు మధ్య చాలా దూరం ఉంది. "తమ్మున్ని పిలువు. కట్టుమను. నేను సూడాలె."

పర్వతాలు వచ్చి పట్టీ కట్టుకున్నాడు. అక్క ముందు నవ్వు మొహం పెట్టాడు. "ఇది నాదే గదక్కా. మంచిగనే ఉన్నది. నేను చెప్పలేదా?" అన్నాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత కాలర్ వదులు చేసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. నోరు తెరిచి గాలి పీల్చాడు, ఇంకోసారి పీల్చాడు. అమ్మను పిలవలేదు. అక్క వైపు చూడలేదు. రెండు చేతులతో తన రొమ్ము తడుముకుంటూ, "నాకేమైంది? మేడం, నాకేమైంది?" అన్నాడు. పిల్లాడిలా ఏడ్చాడు. మన్యెమ్మ కళ్లు మూసుకుంది. ఆ మొహంలో ఉన్నది ఆయాసమో, తృప్తో నేను చెప్పలేను.

మర్నాడు ఆమెను హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. కడిగారు. వారం తిరక్కుండానే వ్యాన్‌లో తెచ్చుకున్నాను.

ఆ గంట వల్లే పోయిందని నేనంటాను. ఆ గంట లేకపోయినా పోయేదని, కడగడం వల్ల ఇంకా తొందరగా పోయిందని మేడం అంటుంది. ఎవరు తేలుస్తారు?

కొత్త పట్టీ పనిచేసింది. అది మాత్రం నేను కాదనలేను. ఒక్కసారి కట్టుకున్నవాడు మళ్లీ మాస్కు తీయడు. మిషన్ల మీద నీళ్లు చల్లించమని సేట్లతో కొట్లాటకు దిగారు. బిరంచి షెడ్డు నుంచి బయటికి వచ్చి నా ట్రాక్టర్ పక్కన లోడింగ్ పనికి చేరాడు. గేటు దగ్గరి రాయికి పసుపు పూసేవాళ్లు లేరు. లారీ వెనక్కి వస్తూ తగిలి అది పడిపోతే ఎవరూ లేపలేదు. పర్వతాలు మిల్లు మానేసి జడ్చర్ల బస్టాండులో చాయ్ బండి పెట్టాడు. అక్కడ కూడా ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు. దగ్గు పెరగలేదట. ఆ బండి దగ్గర నేను ఆగను.

పట్టీ ఇప్పుడు ఎన్ని రాష్ట్రాలకు పోయిందో నాకు తెలియదు. ఎక్కడికి పోయినా కట్టుకున్నవాడికి తన ఊపిరే, తన భయమే. అందులో మన్యెమ్మ లేదు. ఉన్నట్టు తెలిస్తే అది పనిచేయదు. అంత బాగా ఆమెను దాచారు.

మొన్న మేడం దగ్గరికి వెళ్లాను. గొడవకు కాదు. పాత పట్టీ ఒకటి ఇమ్మని అడిగాను, మొదటిది, రెండు నిమిషాలది.

ఆమె మొహం పాలిపోయింది. "అవి జనాన్ని తప్పుదారి పట్టించాయని అన్నింటినీ తుడిచేయించాను కుర్మయ్య గారూ. మీకు ఒకటి ఉంచాలని... నాకు తట్టలేదు. క్షమించండి."

"పోనీ కొత్తదియ్యుర్రి" అన్నాను.

ఆమె తనే కట్టింది. ముందు నా ఊపిరి వచ్చింది, ట్రాక్టర్ తోలేవాడి ఊపిరి, బండగా, ఆరోగ్యంగా. తర్వాత అది సన్నబడింది. ఇక్కడైనా ఆమె వస్తుందేమోనని వెతికాను. ఇంకా సన్నబడింది. చివరికి వచ్చేసరికి భయపడ్డది నేనే. ఆమె ఎక్కడా లేదు. విప్పి బల్ల మీద పెట్టాను.

"మీరు ఏం పోగొట్టుకున్నారో చెప్పండి. మా సంస్థ వాళ్లతో మాట్లాడతాను. ఎంతైనా సరే, చెప్పండి" అంది మేడం. నిజంగానే అడుగుతోంది. కలం కూడా తీసింది.

ఏం చెప్పాలి? వంకర జడ సంగతి చెప్పాలా? మిషన్ రొద లేక నిద్ర పట్టడం లేదని చెప్పాలా? ఆమె రాసుకోగలిగేది ఒక్కటే నా దగ్గర ఉంది. అదే చెప్పాను.

"గుట్ట కింద మెట్ట చేను మేడం. ఎకరం పదకొండు గుంటలు."